హాన్స్ ద్వీపం: జెండాల గొడవ సరే, అసలు ఆ గుట్ట మీద ఏముంది?

పటంపిచ్చి:
అందరికీ నమస్కారం. కెనడాకీ గ్రీన్‌లాండ్‌కీ మధ్య ఉన్న హాన్స్ ద్వీపం గురించి ఎక్కడ వెతికినా ఒకటే కథ. కెనడా వాళ్ళు వెళ్ళి జెండా పాతి విస్కీ సీసా పెట్టి వచ్చారట, తర్వాత డెన్మార్క్ వాళ్ళు వెళ్ళి ఆ జెండా పీకి తమ జెండా, తమ సీసా పెట్టారట. చదవడానికి సరదాగానే ఉంది. కానీ ద్వీపం గురించి మాత్రం ఎవరూ రెండు ముక్కలకు మించి రాయరు. "ఎవరూ ఉండరు, ఏమీ మొలవదు, ఉత్త బండ" అనేసి మళ్ళీ విస్కీ దగ్గరికి వెళ్ళిపోతారు.

నాకు ఆ బండ సంగతే కావాలి. ఏ రకం రాయి? చుట్టూ సముద్రం ఎలా ఉంటుంది? అక్కడికి ఎవరైనా ఏ పని మీద వెళ్తారు?

నేను సంపాదించిన కాస్త సమాచారం: 80°49′ ఉత్తర అక్షాంశం, దాదాపు 66°27′ పశ్చిమ రేఖాంశం. విస్తీర్ణం 1.3 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 320 ఎకరాలు. ఎత్తు 170 మీటర్ల దరిదాపు. ఉత్తర ధ్రువానికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం. అటు కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి తీరం, ఇటు గ్రీన్‌లాండ్ తీరం, రెండూ దాదాపు 18 కిలోమీటర్లే. ఇంతకు మించి తెలిసినవాళ్ళు చెప్పండి. విస్కీ జోకులు వద్దు ప్లీజ్.

వాదనప్రియ:
విస్కీ లేకపోతే ఆ గుట్ట పేరు మీకెలా తెలిసేది సార్? :)

గ్రూప్1_కల:
అన్నా, ఇది కరెంట్ అఫైర్స్‌లో చదివాను. 2022లో రెండుగా పంచుకున్నారు. అంతకుముందు కెనడాకి అమెరికాతో ఒక్కదానితోనే భూసరిహద్దు, ఇప్పుడు డెన్మార్క్‌తో కూడా వచ్చింది. నాకు అర్థం కానిది ఏంటంటే, అంత చిన్న గుట్టను ఇన్నేళ్ళు వదలకుండా పట్టుకోవడం దేనికి? కింద చమురు ఉందా?

వాదనప్రియ:
ఉండే ఉంటుంది తమ్ముడూ. లేకపోతే రెండు నాటో దేశాలు పనీపాటా లేక బండరాయి కోసం కొట్టుకుంటాయా? పైగా నార్త్‌వెస్ట్ పాసేజ్, అదే కెనడా ఉత్తర దీవుల మధ్య నుంచి పోయే ఓడల దారి, దాని మీద పట్టు. మంచు కరిగితే ఓడలన్నీ అటే వెళ్ళాలి.

మంచుదేశం_మామ:
వాదనప్రియ గారూ, రెండూ కాదండీ. నేను ఎడ్మంటన్‌లో ఉంటాను. ఇక్కడి పేపర్లలో కూడా ఈ రెండు మాటలూ తెగ రాశారు.

ముందు పాసేజ్ సంగతి. నార్త్‌వెస్ట్ పాసేజ్ ఓడలు బాఫిన్ అఖాతంలోంచి పడమటికి తిరిగి లాంకాస్టర్ సౌండ్‌లోకి వెళ్తాయి. అది 74 డిగ్రీల దగ్గర ఉంది. హాన్స్ ద్వీపం దానికి ఎక్కడో ఏడెనిమిది వందల కిలోమీటర్ల ఉత్తరాన, నేర్స్ అనే వేరే జలసంధిలో ఉంది. ఆ దారికీ ఈ గుట్టకీ సంబంధం లేదు.

ఇక చమురు. సముద్రం అడుగున ఏది ఎవరిదో కెనడా, డెన్మార్క్ 1973లోనే ఒప్పందం రాసుకున్నాయి. రెండు తీరాల మధ్యగా 127 బిందువులు పెట్టి గీత గీశారు. ఆ గీత సరిగ్గా 122వ బిందువు దగ్గర ద్వీపం ఒడ్డున ఆగిపోతుంది, 123వ బిందువు దగ్గర అవతలి ఒడ్డున మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో గుట్టను వదిలేశారు. ఆ ఒప్పందం సముద్రం అడుగు భాగాన్ని పంచుకోవడానికి రాసుకున్నది, నేల ఎవరిదో తేల్చేది కాదు. అంచేత చమురున్నా లేకున్నా, గుట్ట ఎవరికి దక్కినా, చుట్టుపక్కల సముద్రగర్భం వాటాలు మారవు. పంతం అంతా ఆ 320 ఎకరాల గురించే.

వాదనప్రియ:
అయితే మరీ అన్యాయం. ఏమీ లేనిదాని కోసం యాభై ఏళ్ళు పంతమా?

మంచుదేశం_మామ:
మన పల్లెల్లో గట్టు తగాదాలు చూడలేదా ఏంటి. పైగా ఇద్దరికీ న్యాయంగానే హక్కు కనిపిస్తుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఏ దేశానికైనా సొంత జలాలు. ఇక్కడ రెండు తీరాలూ 18 కిలోమీటర్లలోనే ఉన్నాయి. ఎవరు కొలిచినా "మాదే" అని వస్తుంది.

సున్నపురాయి:
పటంపిచ్చి గారు రాయి గురించి అడిగి చాలాసేపైంది, మీరంతా సరిహద్దు దగ్గరే తిరుగుతున్నారు. నేను కాలేజీలో జియాలజీ చెప్తాను, ఆ మాత్రం చనువుతో మధ్యలో దూరుతున్నాను.

అది సున్నపురాయి గుట్ట. సైలూరియన్ కాలం నాటిది, అంటే 42 నుంచి 44 కోట్ల ఏళ్ళ వెనకటిది. అప్పట్లో గ్రీన్‌లాండ్, ఉత్తర అమెరికా కలిసి ఉన్న భూఖండం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండేది. లోతు తక్కువ, వెచ్చని సముద్రం. పగడాలు, గవ్వజీవులు పెరిగి, చచ్చి, పేరుకుని గట్టిపడిన సున్నం అది. ఇప్పుడు చలికాలంలో మైనస్ 30 దాటే చోట, ఒకప్పటి వెచ్చని సముద్రపు అడుగు మీద మంచు కురుస్తోందన్నమాట.

నేర్స్ జలసంధిలో ఈ గుట్ట ఉన్న భాగాన్ని కెనెడీ ఛానల్ అంటారు. అందులో ఇలాంటివి మూడున్నాయి: ఫ్రాంక్లిన్, క్రోజియర్, హాన్స్. మూడింట్లో చిన్నది హాన్స్. గ్రీన్‌లాండ్ వైపు వాషింగ్టన్ లాండ్ అనే ప్రాంతంలో కూడా ఇదే వరస సున్నపురాయి. ఈ పోలిక వెనక ఒక పెద్ద తగాదా ఉంది, ఇది దేశాల మధ్య కాదు, మా జియాలజీ వాళ్ళ మధ్య. మ్యాపులో చూడండి, నేర్స్ జలసంధి గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. అది చూసి 1910లో అమెరికాకు చెందిన ఫ్రాంక్ టేలర్, తర్వాత 1915లో ఖండాలు కదులుతాయని చెప్పిన వెగెనర్, గ్రీన్‌లాండ్ ఈ గీత వెంబడి పక్కకు జరిగిపోయిందని అన్నారు. అంటే జలసంధి అడుగున ఒక భారీ భ్రంశం, అంటే రాతి పొరలు జరిగిన పగులు, ఉండాలి. దానికి వెగెనర్ పేరే పెట్టారు. తీరా ఫీల్డ్‌లోకి వెళ్ళి చూస్తే, రెండు ఒడ్డుల్లోనూ ఉన్న రాతి పొరలు చాలా చోట్ల పెద్దగా జరగకుండానే ఒకదానికొకటి సరిపోతున్నాయి. వందల కిలోమీటర్లు జరిగి ఉంటే అలా సరిపోవు. సముద్రం అడుగున కొలతలు తీసిన జియోఫిజిక్స్ వాళ్ళు ఒకటంటారు, ఒడ్డున సుత్తి పట్టుకుని తిరిగినవాళ్ళు ఇంకొకటంటారు. నడి జలసంధిలో నీటి పైకి తేలిన రాయి అంటే ఆ మూడు దీవులే కనుక, మాలాంటి వాళ్ళకి వాటి మీద మోజు.

పటంపిచ్చి:
సున్నపురాయి గారూ, ఇదీ నాకు కావలసింది. ఒక సందేహం. చుట్టూ అంత లోతు నీళ్ళుండగా ఈ మూడు మాత్రం ఎలా మిగిలాయి?

సున్నపురాయి:
గత మంచుయుగంలో ఆ జలసంధి మొత్తం మంచే. గ్రీన్‌లాండ్ వైపు నుంచి వచ్చిన మంచూ, ఎల్స్‌మియర్ వైపు నుంచి వచ్చిన మంచూ నడిమధ్య కలిసి, అక్కడి నుంచి ఉత్తరానికీ దక్షిణానికీ పారింది. దారిలో మెత్తనిదంతా గీకేసింది, గట్టివి మిగిలాయి. సుమారు ఎనిమిది, తొమ్మిది వేల ఏళ్ళ క్రితం ఆ మంచు విడిపోయి జలసంధి తెరుచుకుంది. హాన్స్ ఒడ్డులు నిటారుగా, పైభాగం బోడిగా ఉండటానికి కారణం ఆ గీకుడే. మట్టి తయారు కావడానికి ఆ చలిలో ఈ కొద్ది వేల ఏళ్ళు ఏ మూలకి? రాళ్ళకు పట్టుకున్న లైకెన్లు లాంటివి తప్ప చెట్టూ చేమా ఏమీ ఉండవు.

ఉపగ్రహ_లావణ్య:
ఈ చర్చ ఇప్పుడే చూశాను. నా పని సముద్రపు మంచు మీద, ఉపగ్రహ చిత్రాలతో. నేర్స్ జలసంధి చిత్రాలు చాలా చూశాను కాబట్టి చెప్తున్నాను, హాన్స్‌ను విడిగా తీసుకుంటే నిజంగానే ఏమీ లేదు. ఉన్న చోటే దాని గొప్ప.

ఆర్కిటిక్ మహాసముద్రంలో కెల్లా పాత మంచు, మందమైన మంచు గ్రీన్‌లాండ్, ఎల్స్‌మియర్ ఉత్తర తీరాలకు ఒత్తుకుని ఉంటుంది. ఆ భాగాన్ని లింకన్ సముద్రం అంటారు. అక్కడి నుంచి కిందికి జారడానికి ఉన్న సన్నదారి ఈ జలసంధి. ఐదారు వందల కిలోమీటర్ల పొడవు. పై నుంచి చెప్పుకొస్తే రోబ్సన్ ఛానల్, హాల్ బేసిన్, కెనెడీ ఛానల్, కేన్ బేసిన్, చివర్లో స్మిత్ సౌండ్, ఆ తర్వాత బాఫిన్ అఖాతం. ఆర్కిటిక్ వైపు నీటిమట్టం బాఫిన్ వైపు కంటే కాస్త ఎక్కువ, కాబట్టి ప్రవాహం ఎప్పుడూ దక్షిణానికే మొగ్గుతుంది. రెండు పక్కలా కొండలు ఉండటంతో ఉత్తరపు గాలి కూడా ఇందులో పడి వేగం పుంజుకుంటుంది. గాలి తోడైన రోజున మంచు పలకలు పదుల కిలోమీటర్లు కదులుతాయి.

ఇప్పుడు ఆ దారి నడిబొడ్డున, ఇరుకైన కెనెడీ ఛానల్‌లో, ఈ గుట్టను పెట్టి చూడండి. వరద గోదావరిలో రైలు వంతెన స్తంభం ఎలాగో, మంచు ప్రవాహంలో హాన్స్ అలాగ. కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న పలక నెమ్మదిగా వచ్చి తగులుతుంది. తగిలిన అంచు నుగ్గవుతుంది, ఆ ముక్కలు ఒడ్డు మీదికి ఎగదన్ని గుట్టలుగా పడతాయి. పలక వేగం తగ్గుతూ తగ్గుతూ ఆగుతుంది. కాసేపటికి ఒక పక్కకు తిరిగి జారిపోవడమో, నిలువునా చీలి రెండు పక్కలా వెళ్ళిపోవడమో జరుగుతుంది. ద్వీపానికి దిగువన మాత్రం మంచు చేరదు. అక్కడ నల్లని నీటి చార, తోకలాగా. ఉపగ్రహ చిత్రంలో గుట్ట కంటే ముందు ఆ తోకే కనిపిస్తుంది.

గ్రూప్1_కల:
అక్కా సూపర్. ఇది సిలబస్‌లో లేదు కానీ ఉండాల్సింది.

వాదనప్రియ:
బాగుంది మేడం. కానీ అడిగిన ప్రశ్న అలాగే ఉంది. జెండాలు పాతేవాళ్ళు తప్ప అక్కడికి ఎవరైనా పని మీద వెళ్ళారా?

మంచుదేశం_మామ:
వెళ్ళారు. అసలు జెండాలకు ముందే వెళ్ళారు. లావణ్య గారు స్తంభం అన్నారు చూడండి, కెనడాలో డోమ్ పెట్రోలియం అనే కంపెనీకి కూడా అదే తట్టింది. అప్పట్లో వాళ్ళు బ్యూఫోర్ట్ సముద్రంలో చమురు బావులు తవ్వుతున్నారు. అది ఇక్కడికి చాలా పడమర, అలాస్కా పక్కన. మంచు సముద్రంలో డ్రిల్లింగ్ ప్లాట్‌ఫారం కట్టాలంటే, కిలోమీటర్ల వెడల్పున్న మంచు పలక వచ్చి గుద్దితే ఎంత బలం పడుతుందో తెలియాలి. తక్కువ వేస్తే ప్లాట్‌ఫారం పోతుంది, మనుషులు పోతారు. ఎక్కువ వేస్తే కట్టే ఖర్చుకి కంపెనీ పోతుంది. ల్యాబ్‌లో పిడికెడు మంచు ముక్కను నొక్కి చూసిన లెక్కలు తప్ప అప్పటికి చేతిలో ఏమీ లేదు.

అలా వెతికితే దొరికింది హాన్స్. చుట్టూ లోతు నీళ్ళు, నిటారు ఒడ్డులు, మధ్యలో కదలని గుట్ట, వేసవి చివర్లో వరసబెట్టి వచ్చే పాత మంచు పలకలు. దేవుడు కట్టి పెట్టిన ప్లాట్‌ఫారమే అనుకోండి. 1980-83 మధ్య వాళ్ళ బృందాలు వెళ్ళి గుట్ట మీద మకాం పెట్టాయి. పెద్ద పలక ఏదైనా వస్తోందంటే హెలికాప్టర్‌లో దాని మీద దిగి, వేగం తగ్గడాన్ని కొలిచే పరికరాలు పెట్టి వచ్చేసేవారు. పలక వెడల్పు, మందం తెలుసు కనుక బరువు తెలుసు. గుద్దుకున్నాక వేగం ఎంత త్వరగా తగ్గిందో పరికరం చెప్తుంది. రెండూ గుణిస్తే బలం. ఇంటర్ ఫిజిక్స్, న్యూటన్ రెండో నియమం!

ఉపగ్రహ_లావణ్య:
మామగారూ, ఆ కొలతలు మా రంగంలో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అందులో తేలింది ఏంటంటే, ల్యాబ్‌లో చిన్న ముక్క మీద వచ్చినంత ఒత్తిడి పెద్ద పలక విషయంలో రాదు. తాకే వెడల్పు పెరిగే కొద్దీ చదరపు మీటరుకు పడే ఒత్తిడి తగ్గుతూ పోతుంది. పలక అంచు అంతా ఒకేసారి రాతిని నొక్కదు కదా. ఇక్కడ నలిగి, అక్కడ విరిగి, ఏ క్షణానికి ఆ క్షణం కొన్ని చోట్ల మాత్రమే గట్టిగా ఆనుతుంది. ల్యాబ్ లెక్కను అలాగే కిలోమీటరుకు సాగదీసి ఉంటే ప్లాట్‌ఫారాలు అనవసరంగా కోటల్లా కట్టాల్సి వచ్చేది.

మంచుదేశం_మామ:
ఈ కథకి ఇంకో కొస ఉంది, పటంపిచ్చి గారు వద్దన్నా చెప్పక తప్పదు. ఆ పనికి వెళ్ళిన ఒకాయన 1983లో రెజల్యూట్ అనే ఊళ్ళో ఒక టోపీ పెట్టుకుని కనిపించాడు. టోపీ మీద "హాన్స్ ఐలాండ్, ఎన్.డబ్ల్యు.టి." అని పెద్ద అక్షరాలు. అంటే నార్త్‌వెస్ట్ టెరిటరీస్, కెనడాది అని (అందులోంచి ఇప్పటి నునావుట్ ప్రాంతం విడిగా ఏర్పడింది 1999లో). అది చూసినవాడు కెన్ హార్పర్ అనే ఆర్కిటిక్ చరిత్రకారుడు. ఆయన దాని మీద గ్రీన్‌లాండ్‌లో తూలే ప్రాంతపు చిన్న పత్రికకి వ్యాసం రాశాడు. అక్కడి నుంచి డెన్మార్క్ పత్రికలు అందుకున్నాయి. 1984లో డెన్మార్క్ ప్రభుత్వంలో గ్రీన్‌లాండ్ వ్యవహారాల మంత్రి టామ్ హోయెమ్ హెలికాప్టర్‌లో వెళ్ళి జెండా పాతాడు, మందు సీసా పెట్టాడు. జెండాల గొడవ ముదిరింది అక్కడే. 2005లో కెనడా రక్షణమంత్రి బిల్ గ్రాహం స్వయంగా గుట్ట ఎక్కేసరికి డెన్మార్క్ నిరసన తెలిపింది. మంచు బలం కొలవబోతే టోపీ మీద రాత వల్ల ఇంత దూరం వచ్చింది.

పటంపిచ్చి:
ఈ విస్కీ అయితే నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే మంచులోంచి వచ్చింది.

వాదనప్రియ:
1933లో నానాజాతి సమితి కోర్టు ఈ ద్వీపాన్ని డెన్మార్క్‌కే ఇచ్చిందని చదివాను. మరి కెనడా ఎలా దూరింది?

మంచుదేశం_మామ:
1933 తీర్పు తూర్పు గ్రీన్‌లాండ్ గురించి. నార్వే, డెన్మార్క్ మధ్య కేసు. డెన్మార్క్ గెలిచింది, నిజమే. అందులో కెనడా పక్షమే కాదు. ఆ తీర్పును పడమటి జలసంధిలోని గుట్టకు అతికించి ఎవరో రాశారు, అందరూ కాపీ కొట్టారు. కెనడా వైపు వాదన 1880 నుంచి మొదలవుతుంది, బ్రిటన్ తన ఆర్కిటిక్ దీవుల్ని కెనడాకి అప్పజెప్పిన ఏడాది అది. ఆ కాగితంలో కూడా దీవుల పేర్లు విడివిడిగా లేవు, "మిగిలిన భూభాగాలన్నీ" అన్నట్టు గంపగుత్తగా రాసి ఇచ్చేశారు.

వాదనప్రియ:
గ్రీన్‌లాండ్ వేటగాళ్ళు ఎప్పటి నుంచో వాడుతున్నారు కదా, ఆ లెక్కన నైతికంగా వాళ్ళదే. ఈ కాగితాల గోల ఎందుకు?

సున్నపురాయి:
ఆ మాటలో న్యాయం ఉంది. ఇనుగ్విట్‌లు, అంటే వాయవ్య గ్రీన్‌లాండ్ వాళ్ళు, మంచు మీద కుక్కల బండ్లతో వచ్చి ఈ గుట్ట ఎక్కి చుట్టూ చూసుకునేవారు. 170 మీటర్ల ఎత్తు నుంచి సీళ్ళు, ధ్రువపు ఎలుగుబంట్లు ఎక్కడున్నాయో, మంచు ఎక్కడ విరిగిందో తెలుస్తుంది. వాళ్ళు పెట్టుకున్న పేరు తార్తుపలుక్. హాన్స్ అన్న పేరు కూడా ఒక గ్రీన్‌లాండ్ మనిషిదే, యూరప్ దొరది కాదు.

గ్రూప్1_కల:
హాన్స్ అంటే డెన్మార్క్ రాజు ఎవరో అనుకున్నానే!

సున్నపురాయి:
హాన్స్ హెండ్రిక్. సొంత పేరు సుయెర్సాక్. దక్షిణ గ్రీన్‌లాండ్‌లో పుట్టాడు, వేటగాడు, కుక్కల బండి తోలడంలో దిట్ట. 1853లో కేన్, 1860లో హేస్, 1871లో హాల్, 1875లో నేర్స్, ఇలా ధ్రువం వైపు వెళ్ళిన అమెరికా, బ్రిటిష్ యాత్రలు నాలుగింటికి తిండి సంపాదించి పెట్టిందీ, దారి చూపిందీ ఆయన. జలసంధికి నేర్స్ పేరు, బేసిన్లకి కేన్, హాల్ పేర్లు. వాళ్ళందరినీ వెంటబెట్టుకుని తిరిగినవాడికి దక్కింది ఈ 320 ఎకరాలు.

ఉపగ్రహ_లావణ్య:
ఆయన గురించి నాకు తెలిసింది ఇదీ కలపండి. హాల్ యాత్రలో పొలారిస్ అనే ఓడ 1872 అక్టోబరులో తుఫానులో మంచు మధ్య చిక్కుకుంది. సామాను మంచు మీదికి దింపుతుండగా పలక విరిగి, 19 మంది దాని మీదే ఉండిపోయారు. ఓడ చీకట్లో కొట్టుకుపోయింది. ఆ 19 మందిలో హాన్స్, ఆయన భార్య, నలుగురు పిల్లలు ఉన్నారు. చిన్నవాడు ఆ ఆగస్టులోనే ఓడలో పుట్టాడు, చంటిబిడ్డ. చలికాలమంతా ఆ మంచు మీదే. హాన్స్, ఇంకో ఇన్యూట్ వేటగాడు సీళ్ళు కొట్టి తెస్తే అందరూ తిన్నారు, ఆ కొవ్వుతోనే దీపం. అలా బాఫిన్ అఖాతం పొడవునా దక్షిణానికి కొట్టుకుపోయి, 1873 ఏప్రిల్ 30న లాబ్రడార్ తీరం దగ్గర టైగ్రెస్ అనే సీళ్ళ వేట ఓడ కంట పడ్డారు. ఒక్కరూ చనిపోలేదు. దాదాపు 2,900 కిలోమీటర్లు.

ఇప్పుడు మేము మంచు మీద బీకన్లు (ఎక్కడుందో చెప్పే పరికరాలు) పెట్టి, ఉపగ్రహాలతో గమనించి "నేర్స్ నుంచి వచ్చే మంచు ఈ దారిన వెళ్తుంది" అని గీతలు గీస్తాం. ఆ గీతల్లో చాలా భాగం ఆ కుటుంబం బతికి చూపించింది. 2010 ఆగస్టులో గ్రీన్‌లాండ్‌లోని పీటర్‌మన్ హిమానీనదం నుంచి 260 చదరపు కిలోమీటర్ల పలక ఊడింది. ఫ్యోర్డ్ (కొండల మధ్య ఇరుకు సముద్రపు పాయ) మూతి దగ్గర జో ద్వీపానికి తగిలి రెండైంది. ముక్కలు కెనెడీ ఛానల్ మీదుగా దిగి, ఒకటి 2011 వేసవికి లాబ్రడార్ చేరింది. అదే దారి.

పటంపిచ్చి:
లావణ్య గారూ, ఒకటి అర్థం కాలేదు. అంత గాలి, అంత ప్రవాహం ఉంటే లింకన్ సముద్రం మంచంతా ఈపాటికి ఖాళీ అయిపోవాలి కదా?

ఉపగ్రహ_లావణ్య:
మంచి ప్రశ్న. చలికాలంలో తలుపు పడుతుంది. పలకలు ఇరుకులో ఒకదానికొకటి ఒరుసుకుని, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వంపుగా బిగుసుకుపోతాయి. మంచు కమాను అంటాం. రాతి కమాను ఎలా బరువు మోస్తుందో ఇదీ అంతే, వెనక నుంచి ఎంత తోస్తే అంత బిగుస్తుంది. రెండు చోట్ల ఏర్పడుతుంది: దక్షిణాన స్మిత్ సౌండ్ దగ్గర, ఉత్తరాన లింకన్ సముద్రం మొదట్లో. దక్షిణపు కమాను పడితే దాని వెనక జలసంధి అంతా గడ్డకట్టి నిలిచిపోతుంది, జూన్, జూలైలో విరిగేదాకా కదలదు. కమానుకు దిగువన మాత్రం గాలి కొత్త మంచును తోసుకుపోతూ ఉండటంతో నడి చలికాలంలోనూ నీళ్ళు తెరుచుకునే ఉంటాయి. అదే నార్త్ వాటర్, గ్రీన్‌లాండ్ వాళ్ళ పికియాలసోర్సువాక్. వాల్రస్‌లు, నార్వాల్‌లు, లెక్కలేనన్ని చిన్న ఆక్ పక్షులు దాని మీద బతుకుతాయి. తూలే ప్రాంతంలో మనుషులు బతకగలిగిందీ దాని వల్లే.

కమాను పట్టని ఏడాది అసలు టెన్షన్. 2007లో రెండూ పట్టలేదు. ఆ ఏడాది పాత మంచు విపరీతంగా కిందికి జారిపోయింది. పాత మంచు ఒకసారి పోతే అంత మందం మళ్ళీ చేరడానికి ఏళ్ళు పడుతుంది.

వాదనప్రియ:
అందరూ అన్నీ చెప్పారు. పంపకం మాత్రం ఎలా చేశారో ఎవరూ చెప్పలేదు. టేపు పెట్టి సగం కొలిచారా?

మంచుదేశం_మామ:
లేదు. గుట్ట మీద ఉత్తర దక్షిణాలుగా ఒక సహజమైన పగులు ఉంది, చిన్నపాటి లోయలాగా. దాన్నే సరిహద్దు చేశారు. పొడవు కిలోమీటరు పైచిలుకు. పడమటి భాగం కెనడాలో నునావుట్‌కి, తూర్పు భాగం గ్రీన్‌లాండ్‌కి. తూర్పుది కాస్త పెద్ద ముక్క. 2022 జూన్ 14న ఒట్టావాలో సంతకాలు, గ్రీన్‌లాండ్ ప్రధాని కూడా ఉన్నారు. ఉక్రెయిన్ యుద్ధం నడుస్తున్న రోజులు కదా, మాటలతో సరిహద్దు తేల్చుకోవచ్చని చూపించడం ఇద్దరికీ అవసరమైంది. ఇన్యూట్‌లు వేటకి అటూ ఇటూ తిరగడానికి ఆటంకం ఉండకూడదని అనుకున్నారు. దాంతోపాటు లాబ్రడార్ సముద్రం దాకా ఉన్న మిగతా తగాదాలూ తేల్చారు. మొత్తం గీత 3,882 కిలోమీటర్లు.

గ్రూప్1_కల తమ్ముడికి ఒక మాట. "కెనడాకి యూరోపియన్ యూనియన్‌తో భూసరిహద్దు వచ్చింది" అని కొన్ని చోట్ల రాశారు, పరీక్షలో పెట్టకు. గ్రీన్‌లాండ్ 1985లోనే అప్పటి యూరోపియన్ కమ్యూనిటీ నుంచి బయటికొచ్చేసింది.

గ్రూప్1_కల:
థాంక్యూ మామా, ఇది బిట్ పేపర్‌లో కచ్చితంగా వస్తుంది. ఇంకో చిన్న డౌట్. ఇప్పుడు అక్కడ ఏమైనా కట్టారా? చెక్‌పోస్ట్ లాంటిది?

మంచుదేశం_మామ:
చెక్‌పోస్టా! దగ్గర్లో మనుషులుండే చోటంటే కెనడా సైనిక స్థావరం అలెర్ట్, అదే దాదాపు 200 కిలోమీటర్లు. గ్రీన్‌లాండ్ వైపు మొదటి ఊరు సియోరపలుక్, సుమారు 350. రేవు లేదు, ఓడ నుంచి హెలికాప్టర్‌లో దిగాల్సిందే. ఏప్రిల్ రెండో వారం నుంచి ఆగస్టు చివరి దాకా సూర్యుడు అస్తమించడు, అక్టోబరు మూడో వారం తర్వాత నాలుగు నెలలు కనపడడు. ఉన్నదల్లా 2008లో పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి పైభాగాన పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం. జలసంధి నడిమధ్య గాలి ఎంత వేగంతో వీస్తోందో కొలవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కెనడావాళ్ళూ డెన్మార్క్‌వాళ్ళూ కలిసే పెట్టారు, తగాదా నడుస్తుండగానే.

పటంపిచ్చి:
లావణ్య గారు చెప్పిన తోక కోసం పాత ఉపగ్రహ చిత్రాలు తిరగేస్తున్నాను. మామూలు వెబ్ మ్యాపుల్లో వద్దు బాబోయ్, వాటిల్లో వాడే మర్కేటర్ అనే పటం గీసే లెక్కలో 80 డిగ్రీల పైన వైశాల్యం దాదాపు 39 రెట్లు ఉబ్బుతుంది. ధ్రువం మీంచి చూసే మ్యాపుకి మార్చుకున్నాక దొరికింది. ఆగస్టు చిత్రాల్లో తోక స్పష్టంగా ఉంది, నైరుతి వైపు. కానీ ఏప్రిల్ చిత్రాలు చూస్తే ఒక ఏడాది ఉంది, ఇంకో ఏడాది లేదు. చిత్రం తేడానా, నా కళ్ళ తేడానా?

ఉపగ్రహ_లావణ్య:
రెండూ కాదు. జలసంధి ఈశాన్యం నుంచి నైరుతికి ఉంది కాబట్టి తోక నైరుతిలో రావడం సరైనదే. ఏప్రిల్‌లో తోక లేదంటే దక్షిణపు కమాను పట్టి ఉంది, హాన్స్ చుట్టూ మంచు నిలిచిపోయింది. తోక ఉందంటే కమాను పట్టలేదు, లేదా ఉత్తరపుది ఒక్కటే పట్టింది, గుట్ట పక్క నుంచి మంచు పారుతోంది. నమ్మకం కలగకపోతే అదే తేదీన స్మిత్ సౌండ్ చిత్రం తెరవండి, అక్కడ వంపు అంచు ఉందో లేదో తెలిసిపోతుంది. చలికాలం చిత్రాలకు చీకటి కాబట్టి చీకట్లోనూ చూడగల సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్‌వి తీసుకోండి.

పటంపిచ్చి:
తెరిచాను. తోక లేని ఏడాది స్మిత్ సౌండ్‌లో వంపు ఉంది, దాని కింద నీళ్ళు. తోక ఉన్న ఏడాది వంపు లేదు. మిగతా ఏళ్ళవి కూడా వరసగా చూసి ఇక్కడే పెడతాను.